41వ ర్యాంకు: ఒక బ్యాచ్ గ్రూపు, ఒక ఎక్సెల్ షీటు, పట్టని నిద్ర

కూర్చున్న పది నిమిషాలకే ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టారు. ఎక్సెల్ షీటు. 58 వరుసలు. పేరు, ఊరు, కంపెనీ, హోదా, పెళ్ళైన సంవత్సరం, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు, సొంతిల్లు ఎక్కడ. అన్నిటికీ చివర "అంచనా ప్యాకేజీ" అని ఇంకో కాలమ్. ఆ అంకెల ప్రకారమే పేర్లన్నీ పైనుంచి కిందికి పేర్చి ఉన్నాయి.

"నాది 41 మేడమ్" అన్నారు.

41 ఏమిటని అడిగాను.

"ర్యాంకు."

నేను చిక్కడపల్లిలో పదహారేళ్ళుగా కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. పాత క్లాస్‌మేట్ల గురించి బాధపడుతూ వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, ఆ బాధకి ర్యాంకుల జాబితా తయారుచేసుకుని వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాయడానికి ముఖ్య కారణం, ఈ కేసులో మొదట నేను తప్పు చేశాను. అలాంటి తప్పు నాతోటివాళ్ళు కూడా రోజూ చేస్తుంటారని నా అనుమానం.

వచ్చిన కారణం

2023 జులై మొదటి వారం. వయసు 42. జీడిమెట్ల పారిశ్రామికవాడలో వాల్వులు తయారుచేసే ఒక ప్రైవేటు యూనిట్లో ప్రొడక్షన్ మేనేజర్. ఇల్లు సుచిత్ర దగ్గర, సొంత ఫ్లాటు, లోను ఇంకా ఆరేళ్ళుంది. భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు. ఆరునెలలుగా నిద్ర లేదు. పదకొండింటికి పడుకుని ఒంటిగంటన్నర దాకా ఫోన్, మళ్ళీ నాలుగింటికే మెలకువ. ప్లాంటులో ఆపరేటర్ల మీద అరవడం ఎక్కువైంది. ఒకరోజు ఛాతీలో పట్టేసినట్టుంటే ఈసీజీ తీయించుకున్నారు, ఏమీ లేదన్నారు. భార్య పోరగా పోరగా నాకు ఫోన్ చేశారు.

పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 13 వచ్చింది. 10 నుంచి 14 దాకా మధ్యస్థాయి డిప్రెషన్ కింద లెక్క. ఆందోళన కొలిచే జీఏడీ-7లో 11, అదీ మధ్యస్థమే. చనిపోవాలనే ఆలోచనల గురించి సూటిగానే అడిగాను, లేవన్నారు. అయినా అందరికీ ఇచ్చినట్టే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. థైరాయిడ్, షుగరు పరీక్షలకి ఫిజీషియన్ దగ్గరికి పంపితే థైరాయిడ్ బాగానే ఉందని, షుగరు అంచు మీద ఉందని తేలింది. మందులు రాసే అర్హత నాకు లేదు. అవసరం పడితే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానని మొదటిరోజే చెప్పాను. ఆ అవసరం రాలేదు.

షీటు ఎలా పుట్టింది

నేపథ్యం వింటున్నప్పుడు నా ఆసక్తంతా షీటు మీదే ఉంది. అది ఒక్కరోజులో పుట్టింది కాదు.

సూర్యాపేట దగ్గర పల్లె. ఇంట్లో మొదటి ఇంజనీరు. "మెకానికల్ ఎవర్‌గ్రీన్ రా" అని మేనమామ అంటే చేరిపోయారు. 1999 నుంచి 2003 దాకా నగర శివార్లలోని ఒక కాలేజీలో బీటెక్. బయటికి వచ్చిన సమయం మంచిది కాదు. 2000-01లో డాట్‌కామ్ కంపెనీలు కూలిన దెబ్బ ఇంకా తగ్గలేదు. అమెరికా హెచ్1బీ ఉద్యోగ వీసాల వార్షిక కోటా 2003 అక్టోబరులో 1,95,000 నుంచి తిరిగి 65,000కి దిగింది. అయినా క్లాసులో సగం మంది అమీర్‌పేటలో రూములు తీసుకుని జావా, ఒరాకిల్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఈయన నెలకి 6,500 జీతానికి జీడిమెట్లలో ట్రెయినీగా చేరారు. సాఫ్ట్‌వేర్‌కి పోలేదు, చదివిన మెకానికల్‌లోనే; వాళ్ళ భాషలో చెప్పాలంటే 'కోర్‌లో ఉండిపోయారు'. ఆ 'ఉండిపోవడం' అన్న మాట ఆయన మొదటి గంటలోనే ఐదుసార్లు వాడారు.

2013లో పదేళ్ళ కలయిక అనుకున్నారు. ఫోన్ నంబర్లన్నీ ఒకచోట రాసే పని ఎవరూ తలకెత్తుకోకపోతే ఈయనే ఎత్తుకున్నారు. అప్పుడు షీటులో ఉన్నవి మూడే కాలమ్‌లు: పేరు, నంబరు, ఊరు. తర్వాత పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పడానికని పెళ్ళి సంవత్సరం చేర్చారు. పిల్లలు పుట్టేకొద్దీ వాళ్ళ పేర్లు. "మా తమ్ముడికి రెఫరల్ కావాలి, ఫలానా కంపెనీలో మనవాళ్ళెవరున్నారు?" అని అడిగేవాళ్ళ కోసం కంపెనీ కాలమ్. ఇందులో ఏదీ అసూయతో రాసింది కాదు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొదటి శుభాకాంక్ష ఈయనదే ఉండేది. ప్యాకేజీ కాలమ్ మాత్రం 2021లో వచ్చింది. కోవిడ్ తర్వాత సాఫ్ట్‌వేర్ జీతాలు ఎగిరిన సంవత్సరం అది. వీళ్ళ ప్లాంటులో ఆ ఏడాది ఇంక్రిమెంటు లేదు.

పదేళ్ళు ప్రేమగా పోగుచేసిన సమాచారాన్ని ఒక్క కాలమ్ ర్యాంకుల లిస్టుగా మార్చేసింది. నాకిది వెంటనే అర్థమైందని చెప్పను. నాలుగో సెషన్ దాకా అర్థం కాలేదు.

తనలాంటి వాళ్ళతోనే మనిషి తనని పోల్చుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ 1954లో సిద్ధాంతంగా చెప్పాడు. మన పెద్దవాళ్ళు అంతకు చాలా ముందే అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నారు. ప్లాంటు ఓనర్ కొత్త కారు కొంటే ఈయనకి ఏమీ అనిపించదు. హాస్టల్లో పక్క మంచం మీద పడుకుని, తన డ్రాయింగ్ షీట్లు కాపీ కొట్టినవాడు కొంటేనే నిద్ర పట్టదు. ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి, ఒకే ఏడాది: పోలికకి ఇంతకన్నా బిగువైన చట్రం దొరకదు.

నా తప్పు

రెండో సెషన్లో నేనిచ్చిన సలహా చాలామంది ఇచ్చేదే. గ్రూపు నుంచి బయటికి రండి, లింక్డిన్ యాప్ తీసేయండి, రెండు వారాలు చూద్దాం. ఫోన్ రాత్రిపూట హాల్లో ఛార్జింగుకి పెట్టండి. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోండి. ఎంత రాత్రైనా పొద్దున ఒకే టైముకి లేవండి.

నిద్ర గురించి చెప్పినవి మంచి సలహాలే, పనిచేశాయి కూడా. గ్రూపు సలహా మాత్రం తిరగబడింది.

వాట్సాప్‌లో 2022 నుంచి గ్రూపు వదిలితే ఆ సంగతి అడ్మిన్లకి తప్ప ఎవరికీ నోటిఫికేషన్‌గా రాదు. ఆయనకి ఈ సంగతి తెలియదు. నాకు తెలిసినా తట్టలేదు. ఆయన లెక్కలో, పదేళ్ళుగా అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకున్న మనిషి వెళ్ళిపోతే ఫోన్లు మోగాలి. ఒకరోజు చూశారు. రెండు రోజులు. తొమ్మిది రోజులు. ఒక్క ఫోన్ రాలేదు. పదో రోజు అడ్మిన్ చేశాడు, "ఏరా, పొరపాటున నొక్కావా?" అని. మూడో సెషన్‌కి వచ్చినప్పుడు ఆయన ముఖం మొదటిరోజు కంటే పాలిపోయి ఉంది.

"41 కూడా కాదు మేడమ్. అసలు లిస్టులోనే లేను."

ఆ రోజు క్షమాపణ చెప్పాను. మనుషుల నుంచి దూరం పెరిగి బాధపడుతున్నవాడిని, ఉన్న ఒక్క దారం కూడా తెంపుకోమని చెప్పాను. బాధ ఫోన్ తెర మీద కనపడుతోంది కాబట్టి కారణం కూడా అక్కడే ఉంటుందనుకున్నాను. ఫోనుకి బానిసలైన కాలేజీ పిల్లల కేసులు ఆ నెలలో వరుసగా చూసి ఉన్నాను, అదే కళ్ళజోడుతో ఈయన్నీ చూశాను.

ఆయన మళ్ళీ గ్రూపులో చేరారు. చేరిన కొద్ది రోజులకే ఆగస్టు 3 వచ్చింది. కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన రోజు. హైదరాబాద్‌లో ఆ సాయంత్రం ప్రతి గ్రూపులోనూ అదే చర్చ. నా గ్రూపులోనూ అదే! వీళ్ళ బ్యాచ్‌లో ఒకతనికి అటువైపు 2006లో కొన్న చిన్న ప్లాటు ఉంది. ఆ ప్లాటు చూడటానికి ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళారట, ఈయన వెనక కూర్చున్నారు. "రాళ్ళు తప్ప ఏం లేవురా ఇక్కడ" అని ఈయనే అన్నారట. ఆ రాత్రి నిద్ర మళ్ళీ రెండు గంటలకి తగ్గిపోయింది.

రెండు కొత్త కాలమ్‌లు

నాలుగో సెషన్లో షీటుని ల్యాప్‌టాప్‌లో తెరిచాం. ఈసారి ఏదీ తీసేయమనలేదు. ఇంకో రెండు కాలమ్‌లు పెట్టమన్నాను: 'ఎవరు చెప్పారు', 'ఎప్పుడు'. ఆయనకిది సులువుగా ఎక్కింది. ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీద కొలిచినవాడి సంతకం, తేదీ లేకపోతే ఆయన ఒప్పుకోరు. ఇక్కడ 57 మంది జీవితాలు సంతకం లేకుండానే పాస్ చేసేశారు.

నింపడానికి ఒక వారం పట్టింది. లెక్క ఇలా తేలింది. తమ సంగతులు తామే గ్రూపులో పెట్టేవాళ్ళు 12 మంది. ఏడాదిలోపు ఈయన స్వయంగా మాట్లాడినవాళ్ళు 6. లింక్డిన్‌లో చూసి రాసుకున్నవి 10. మూడో మనిషి చెప్పగా విన్నవి 21, అందులో కొన్ని 2017 నాటివి. మిగిలిన 8 మంది గురించి ఏమీ తెలియదు. తెలియకపోయినా ఆ ఎనిమిది గళ్ళలోనూ ప్యాకేజీ అంకెలున్నాయి.

"ఇదెక్కడిది?" అని ఒక గడి చూపించి అడిగాను.

"అమెరికాలో ఉన్నాడు కదా మేడమ్... ఉంటుంది."

ఆయన రోజూ రాత్రి పోల్చుకుంటున్నది బ్యాచ్‌తో కాదని, ఆ 12 మందితోనని అప్పుడు బయటపడింది. గృహప్రవేశం, ప్రమోషన్, పిల్లాడికి మెడల్, కొత్త కారు ముందు కొబ్బరికాయ. పెట్టడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్ళే పెడతారు. లేనివాళ్ళు 'కంగ్రాట్స్ మామా' అని బొమ్మ పెట్టి ఊరుకుంటారు. 'మామ వాళ్ళకి బైపాస్ అయ్యింది', 'మూడో రౌండులో తీసేశారు', 'ఆవిడ పుట్టింట్లో ఉంది' లాంటివి గ్రూపులో రావు. మన స్నేహితులకి సగటున మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారని స్కాట్ ఫెల్డ్ అనే సోషియాలజిస్టు 1991లో లెక్కకట్టి చూపించాడు. ఎక్కువమందితో కలిసేవాడు ఎక్కువమంది జాబితాల్లో కనపడతాడు కాబట్టి అలా జరుగుతుంది. గ్రూపులోనూ అంతే. ఎక్కువ కనిపించేవాడు సగటు మనిషి కాదు.

ఈ వాదనతో ఆయనకి కొంత ఊరట దొరికింది కానీ అది రెండురోజుల ఊరట. ఇంజనీరు కాబట్టి లెక్క ఒప్పుకున్నారు. మనసు ఒప్పుకోలేదు.

భార్య వచ్చిన రోజు

ఐదో సెషన్‌కి ఇద్దరినీ రమ్మన్నాను. ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. చివర్లో, లేచే ముందు, నావైపు తిరిగి అన్న మాట ఇది:

"డల్లాస్‌లో ఉన్న వాళ్ళ ఫ్రెండు కొడుకు వయొలిన్ నేర్చుకుంటున్నాడని ఈయనకి తెలుసు మేడమ్. మా అమ్మాయి క్లాస్ టీచర్ పేరు అడగండి."

నేను అడగలేదు. అడగాల్సిన పని లేకుండానే ఆయన తల దించుకున్నారు. ఆ మాటని సాగదీసి ఉపన్యాసం చేయాలనిపించింది, మానుకున్నాను. ఇలాంటిచోట మనం నోరు విప్పితే భార్య తరఫు వకీలు అయిపోతాం.

ఆ వారం హోంవర్కు నేనివ్వలేదు. ఆయనే కూతురి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళారు. మొదటిసారట.

ఆదివారం ఫోన్లు

చికిత్సలో అసలు పని ఇక్కడ మొదలైంది. తెలుసుకోవడం తగ్గించమంటే తిరగబడింది కదా, సరిగ్గా తెలుసుకోమని చెబితే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. 'ఊహ', 'మూడో మనిషి' అని రాసున్న 29 మందిలోంచి వారానికి ఒకరికి, ఆదివారం పొద్దున, ఫోన్. షరతులు మూడు. ముందు మన సంగతి చెప్పాలి, అదీ నిజం. ప్యాకేజీ, పిల్లల ర్యాంకులు అడగకూడదు. మాట్లాడాక 'ఎవరు చెప్పారు' కాలమ్‌లో 'తనే' అని రాయాలి. డల్లాస్ అతను 12 మందిలోవాడే అయినా, భార్య అన్న మాట తర్వాత అతనికీ చేస్తానని ఆయనే అడిగారు. సరేనన్నాను.

మొదటి షరతే కష్టమైంది. "జీడిమెట్లలోనే ఉన్నాను, ఈ మధ్య నిద్ర పట్టట్లేదు" అనే రెండు ముక్కల్ని నా గదిలో నాలుగుసార్లు పలికించాను. నాలుగుసార్లూ 'లోనే' దగ్గర గొంతు కిందికి దిగింది.

మొదటి ఫోన్ ఘోరం. అవతలివాడు వింటూనే, "చెప్పు మామా, చిట్టీనా, ఇన్సూరెన్సా?" అన్నాడు. ఇరవై ఏళ్ళకి హఠాత్తుగా ఫోన్ చేసే క్లాస్‌మేటు మరేం అడుగుతాడు! ఏదీ కాదురా, ఊరికే చేశానంటే నమ్మలేదు. మీటింగులో ఉన్నా, మళ్ళీ చేస్తానన్నాడు, చేయలేదు. ఆదివారం పొద్దున మీటింగు. ఈ సంగతి చెబుతూ ఆయన నా ముందు మొదటిసారి గట్టిగా నవ్వారు. నా నోట్సులో ఆ తేదీ కింద గీత గీసి ఉంది.

రెండో ఫోన్ డిప్లొమా చేసి రెండో ఏడాదిలో నేరుగా చేరిన అబ్బాయికి. లేటరల్ ఎంట్రీ వాళ్ళు వెనక బెంచీలో వేరుగా కూర్చునేవారు, గ్రూపులో ఉన్నా మాట్లాడరు. షీటులో అతనికి రాసిన అంచనా ఆరు లక్షలు. అతను బాలానగర్‌లో కంప్యూటర్‌తో నడిచే నాలుగు సీఎన్‌సీ మిషన్లతో జాబ్‌వర్కు షాపు నడుపుతున్నాడు. పద్నాలుగు మందికి జీతాలిస్తున్నాడు, మిషన్ల లోను నెత్తిమీద ఉంది, కరెంటు బిల్లు వచ్చిన రోజు నిద్రపోడు. ఇద్దరి షాపుల మధ్య దూరం ఐదారు కిలోమీటర్లు. కాస్టింగుల్లో గాలి బుడగలు, రిజెక్షన్, టూల్ ఇన్సర్టుల ధరలు, ఇవి గంటన్నర మాట్లాడుకున్నారు. "మా ఇంట్లో ఇవి ఎవరితో మాట్లాడతా మేడమ్?" అన్నారు తర్వాత.

డల్లాస్ అతని కథ వేరు. షీటులో మూడో ర్యాంకు. 2023 జనవరి లేఆఫ్‌లలో ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు, వీసా గడువు అంతకన్నా ముందే ముగిస్తే అదీ లేదు. అతనికి 52వ రోజున దొరికింది, పాతదానికంటే తక్కువకి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏటా ఏడు శాతమే పరిమితి కావడంతో మనవాళ్ళ వరుస కదలదు. అక్కడికి తీసుకెళ్ళినప్పుడు చంకలో ఉన్న పెద్దకూతురికి ఇప్పుడు పదహారు. ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే తండ్రి వీసా మీద ఉండే హక్కు పోతుంది, తన వీసా తనే చూసుకోవాలి. కొడుకు వయొలిన్ నిజమే. ఉద్యోగం లేని ఆ 52 రోజుల్లోనే గ్రూపులో స్విమ్మింగ్ పూల్ ఫోటో కూడా పెట్టాడు. ఈయన ఆ ఫోటో చూసే ఒక రాత్రంతా మేలుకుని ఉన్నారు.

"అది పాత ఫోటోరా. ఖమ్మంలో మా అమ్మ స్టేటస్ చూస్తుంది, నేను బాగున్నానని తెలియాలి కదా. అదే గ్రూపులోనూ పడేశా."

ఇది విన్నప్పుడు ఆయనకి సంతోషం కలిగిందా అని అడిగాను. ఈ ప్రశ్న అడగకుండా ఉండకూడదు. పక్కవాడి కష్టం మనకి ఊరటగా మారితే అది పోలికకి రెండో వైపే, జబ్బు నయమైనట్టు కాదు. ఆయన నిజాయితీగా చెప్పారు: "ఒక రెండు నిమిషాలు కలిగింది మేడమ్. తర్వాత సిగ్గేసింది. తర్వాత వాడితో చాలాసేపు మాట్లాడా." ఆ వరుస మార్చకుండా అలాగే నోట్సులో రాసుకున్నాను.

మరో ఫోన్ విషయంలో నన్ను సలహా అడిగారు. ఆ క్లాసులో అమ్మాయిలు ఇద్దరే. వాళ్ళలో ఒకామెకి ఇన్నేళ్ళకి ఫోన్ చేస్తే బాగుంటుందా, వాళ్ళాయన ఏమనుకుంటారో అని. ముందు మెసేజ్ పెట్టి, ఏ టైము వీలవుతుందో అడగమన్నాను. షీటులో ఆమె వరుస చూస్తే కంపెనీ, హోదా, ప్యాకేజీ గళ్ళన్నిటిలోనూ ఉన్నవి భర్త వివరాలు. రెండో ఆమె వరుసా అంతే. ఆయన అప్పటిదాకా గమనించలేదు, నిజానికి నేనూ గమనించలేదు. ఆమె హన్మకొండలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నారు. పిల్లల కోసం ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉన్నాక తిరిగి మొదలుపెట్టారు. మాటల్లో, "నాకు ఇంజనీరింగ్ డ్రాయింగులో 91 వచ్చింది, గుర్తుందా?" అని అడిగారట. ఈయనకి గుర్తుంది. తనకి వచ్చింది 74.

నవంబరు చివరికి పదకొండు ఫోన్లు అయ్యాయి. ముగ్గురు ముభావంగా మాట్లాడారు. ఒక నంబరు ఇప్పుడు వేరే ఎవరిదో. ఇద్దరు తిరిగి తామే ఫోన్ చేయడం మొదలుపెట్టారు, అందులో బాలానగర్ అతను ఒకడు. పీహెచ్‌క్యూ-9 ఏడుకి దిగింది. నిద్ర ఆరు గంటలకి దగ్గరగా వచ్చింది. ఫోన్లే తగ్గించాయని చెప్పడానికి లేదు. నిద్ర నియమాలు ఉన్నాయి, పొద్దున నడక మొదలైంది, ఆపరేటర్లతో గొడవలు తగ్గాయి. ఇవన్నీ ఒకేసారి నడిచాయి.

కలయిక

ఇరవై ఏళ్ళ రీయూనియన్ డిసెంబరు మొదట్లో అనుకున్నారు. నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్, డిసెంబరు 3న కౌంటింగ్ ఉండటంతో నెలాఖరుకి జరిపారు. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్. టీషర్టుల సైజుల కోసం ఒక ఫారం పంపారు: మీది, భార్యది, పిల్లలది. ఆ ఫారం చూసి ఇద్దరు రావడం మానేశారని ఈయనకి తెలుసు. ఒకరు విడాకులు తీసుకున్నారు, ఇంకొకరికి పెళ్ళి కాలేదు. ఇద్దరూ తన ఆదివారం ఫోన్లలోవాళ్ళే. అడ్మిన్‌కి ఫోన్ చేసి, "ఎన్ని టీషర్టులు కావాలి, ఏ సైజులు అని మాత్రం అడుగురా, ఎవరికని వద్దు" అని చెప్పి ఫారం మార్పించారు. పెళ్ళి కాని అతను వచ్చాడు. రెండో అతను రాలేదు.

దీని తర్వాత అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగి వస్తూ ఆయనకి మళ్ళీ మండింది. కోకాపేట ప్లాటు మిత్రుడు మైకు పట్టుకుని, జీవితంలో రిస్కు తీసుకోవాలని ఇరవై నిమిషాలు చెప్పాడు. పక్కన కూర్చున్న భార్యతో, "ఆ రోజు బండి వెనక కూర్చుంది నేనే, తెలుసా" అన్నారట. ఆవిడ, "తెలుసు. వందసార్లు చెప్పారు" అన్నారట. వెనక సీట్లో కూతురు నవ్వింది. ఆ రాత్రి ఒంటిగంటకి పడుకున్నారు. కానీ ఫోన్ హాల్లోనే ఉంది.

పద్నాలుగో సెషన్‌తో, 2024 జనవరిలో, క్రమం తప్పకుండా రావడం ఆపేశాం. అప్పటికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 5, జీఏడీ-7 స్కోరు 6.

ఏప్రిల్లో ఫాలో-అప్‌కి పిలిచాను. అది అప్రైజళ్ళ నెల, ఆయనకి గండం లాంటిదని కావాలనే ఆ నెల ఎంచుకున్నాను. ఇంక్రిమెంటు ఆరు శాతం. కోపంగానే ఉన్నారు, ఉండాల్సినంత కోపమే. జీతం తక్కువన్న మాట నిజమే కావచ్చు, అది నా గదిలో తేలేది కాదు. వేరే యూనిట్‌కి రెజ్యూమే పంపానని చెప్పారు. లింక్డిన్ ఆదివారాలు చూస్తున్నారు.

షీటు ఉందా అని అడిగాను. ఫోన్ తీసి చూపించారు. 58 వరుసలూ ఇప్పుడు హాల్‌టికెట్ నంబర్ల క్రమంలో ఉన్నాయి. 'తనే' అని రాసినవి పంతొమ్మిది. హన్మకొండ ఆమె వరుసలో కంపెనీ గడిలో స్కూలు పేరు. ఆఖరి కాలమ్ కనపడలేదు.

"డిలీట్ చేశారా?"

కాసేపు ఆగారు.

"హైడ్ చేశా మేడమ్."